డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లు ఎందుకు చిక్కిపోతారు? తిండి గురించి, ఒంట్లో మంట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట వైపు ఉద్దానం. కిడ్నీ జబ్బు మా దగ్గర కొత్త మాట కాదు. కవిటి, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా డయాలసిస్‌కి తిరిగే మనిషి ఒకరు ఎదురవుతారు. మా నాన్నకు ఆరేళ్లు చేయించాం. నేను డాక్టర్ని కాదు, వారానికి మూడుసార్లు ఆయన మంచం పక్కన నాలుగేసి గంటలు కూర్చున్న కొడుకుని. అలా కూర్చుని, పక్క మంచాల వాళ్లతో మాట్లాడి, డాక్టర్లనీ డైటీషియన్‌నీ విసిగించి అడిగి తెలుసుకున్నవే ఇవన్నీ. మొదటి ఏడాది మేం నాన్నని పథ్యం పేరుతో పస్తులు పెట్టాం. ఆ తప్పు ఇంకో ఇంట్లో జరగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

డయాలసిస్ మొదలవకముందు గుడ్డు, మాంసం, పప్పు బాగా తగ్గించమన్నారు. ఇప్పుడూ అదే పథ్యమా?

కాదు, ఇక్కడ పథ్యం తిరగబడుతుంది. కిడ్నీ ఇంకా కొంచెం పనిచేస్తున్నప్పుడు దానిమీద భారం పడకుండా ప్రోటీన్ తగ్గించమంటారు. మిషన్ మీదికి వెళ్లాక లెక్క మారిపోతుంది, ఎందుకంటే ఒక్కో సిట్టింగ్‌లో చెత్తతోపాటు సుమారు 6 నుంచి 8 గ్రాముల అమైనో ఆమ్లాలు కూడా రక్తంలోంచి బయటికి పోతాయి. కడుపులోకి పైపు పెట్టి, నీళ్లు నింపి తీసి చేసే డయాలసిస్‌లో అయితే రోజుకి 5 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ ఆ నీళ్లలో పోతుంది. పోయింది పోయినట్టు తిండితో పూడ్చకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. మాకు మొదట్లో ఒక ఆసుపత్రిలో పథ్యం కాగితం ఇచ్చారు, డయాలసిస్ మొదలయ్యాక దాన్ని ఎవరూ మార్చలేదు, మేమూ అడగలేదు. ఏడాదిపాటు నాన్న చారన్నం, మజ్జిగ చుక్క, ఉడికించిన బీరకాయ మీద బతికాడు. మీ ఇంట్లో గోడకి అంటించిన కాగితం ఎప్పటిదో ఇవాళే చూడండి.

మరి ఎంత తినాలి? గ్రాముల్లో కాదు, కంచంలో చెప్పండి.

2020లో అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్, 25 నుంచి 35 కేలరీలు కావాలి. అంటే 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాముల ప్రోటీన్. కంచంలో ఇలా ఉంటుంది: పొద్దున మూడు ఇడ్లీలు, రెండు గుడ్ల తెల్లసొన, మధ్యాహ్నం అన్నం, అరచేతిలో పట్టేంత చేపముక్క, కొంచెం గట్టిపప్పు, సాయంత్రం ఒక ఉడికించిన గుడ్డు, రాత్రి రెండు చపాతీలు, రెండు మూడు చిన్న ముక్కల చికెన్. ఇది సుమారు 60 గ్రాములు దాటుతుంది. చూడటానికి మామూలు మనిషి భోజనంలాగే ఉంది కదా, కానీ నోటికి రుచి తెలియని మనిషి చేత ఇంత తినిపించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

కేలరీల సంగతి మర్చిపోకండి. అన్నం, నూనె సరిపడా లేకుండా ఉత్త గుడ్లే పెడితే ఒళ్లు ఆ ప్రోటీన్‌ని కండకి వాడకుండా పొయ్యిలో కట్టెలాగా కాల్చేస్తుంది.

బాగానే పెడుతున్నాం, అయినా చిక్కిపోతున్నారు. ఎందుకు?

ఇదే అసలు ప్రశ్న, మాకు ఇది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. తిండి తక్కువై చిక్కడం ఒకటి, ఒంట్లో మంట వల్ల చిక్కడం ఇంకొకటి. మంట అంటే గుండెల్లో మంటో కాళ్ల మంటో కాదు. ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్ అంటారే, అది. ఎక్కడో ఇన్‌ఫెక్షన్ ఉందనో, ఏదో పరాయి వస్తువు ఒంట్లో ఉందనో రోగనిరోధక వ్యవస్థ పగలూ రాత్రీ యుద్ధంలో ఉంటుంది. ఊకపొయ్యి లాంటిది, పైకి మంట కనపడదు, లోపల రగులుతూనే ఉంటుంది. జ్వరం కూడా రాకపోవచ్చు.

అప్పుడు రక్తంలో ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి పదార్థాలు పెరుగుతాయి. అవి మెదడుకి వెళ్లి ఆకలిని చంపేస్తాయి, కండరాలకి వెళ్లి కండని విరగ్గొడతాయి, కాలేయానికి వెళ్లి అల్బుమిన్ (రక్తంలో ఉండే ముఖ్యమైన ప్రోటీన్) తయారీ తగ్గించి సీఆర్‌పీ (మంట ఉందని రక్తపరీక్షలో చూపించే ప్రోటీన్) తయారీ పెంచమంటాయి. అందుకే ఈ రెండింటినీ, తిండిలేమినీ మంటనీ, డాక్టర్లు విడివిడిగా చూడరు. ఒకటి రెండోదాన్ని పెంచుతుంది. ఆకలి లేక తినడు, తినక బలం తగ్గుతుంది, బలం తగ్గి ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉన్న ఆకలి కూడా పోతుంది. అదే మంట రక్తనాళాలని కూడా గట్టిపరుస్తుంది కాబట్టి గుండెజబ్బుకీ దీనికీ దగ్గరి చుట్టరికం. "తినట్లేదు, మొండిమనిషి" అని రోగిని తిట్టకండి. నేను తిట్టాను. ఆయన తినకపోవడం మొండితనం కాదని తర్వాత తెలిసింది, ఆ మాటలు వెనక్కి తీసుకోలేం.

ఈ మంట ఎక్కణ్ణుంచి వస్తుంది? మేం ఎక్కడ వెతకాలి?

కిడ్నీ పనిచేయకపోవడమే ఒక కారణం, చెత్త పేరుకున్న రక్తం మంటని పెంచుతుంది. దానికి చేయగలిగింది డయాలసిస్ సరిగ్గా, పూర్తి సమయం చేయించుకోవడం. వెతికితే దొరికేవి చాలా ఉన్నాయి, వాటిని ఎవరో ఒకరు పట్టుబట్టి వెతకాలి.

మొదట మెడ దగ్గర పైపు. కాథెటర్‌తో డయాలసిస్ మొదలుపెట్టడం తప్పనిసరైనా, చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రెండు రక్తనాళాలని కలిపే చిన్న ఆపరేషన్) వేయించుకోవడం నెలల తరబడి వాయిదా వేసేవాళ్లు ఎంతమందో. ఆపరేషన్ అంటే భయం, ఖర్చు, ఇంకో రోజు పని పోతుందన్న బాధ, అన్నీ నిజమే, కానీ ఆ పైపు ఉన్నన్నాళ్లూ ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తెరిచే ఉంటుంది. చేతిలో రక్తనాళంలా వేసిన ప్లాస్టిక్ గొట్టం, అదే గ్రాఫ్ట్, మూసుకుపోయి వాడకుండా అలాగే ఉండిపోయినా మంట రావచ్చు. కిడ్నీ మార్పిడి చేయించుకుని అది పాడై మళ్లీ డయాలసిస్‌కి వచ్చినవాళ్లలో ఆ పాత కిడ్నీ కూడా కారణం కావచ్చు.

రెండోది నోరు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మా నాన్నకి అల్బుమిన్ 2.8కి పడిపోయింది, సీఆర్‌పీ దిగడం లేదు, స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి. చివరికి ఒక చిన్నవయసు డాక్టరమ్మ నోరు తెరవమంది. వెనక దవడ పళ్లు రెండు పుచ్చిపోయి, చిగుళ్లలోంచి చీము. నొప్పి కూడా పెద్దగా లేదు ఆయనకి. పళ్లు తీయించి, చిగుళ్లు శుభ్రం చేయించాక రెండు నెలల్లో ఆయనే అడిగి చేపల పులుసు తిన్నాడు. పన్ను తీయించే ముందు డయాలసిస్ డాక్టర్‌కి చెప్పి తీరాలి, మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి రోజు చూసి పెడతారు.

ఇంకా: షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్లలో మానని పుండు, రోజూ రాత్రి కాళ్లు చూడండి. టీబీ, డయాలసిస్ రోగులకి మామూలు జనం కంటే ఎక్కువగా వస్తుంది, దగ్గు లేకుండా మెడ గడ్డల్లోనో పొట్టలోనో దాక్కుని ఉత్త నీరసంగా, సాయంత్రం వెచ్చదనంగా మాత్రమే కనపడొచ్చు. హెపటైటిస్ సి. రక్తంలో ఆమ్లం పెరగడం, బైకార్బొనేట్ 22 కంటే తగ్గితే కండ కరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై పేగులు ఉబ్బడం. డయాలసిస్‌కి వాడే నీళ్లు సరిగ్గా శుద్ధి కాకపోవడం, ఒక్కో సిట్టింగ్‌లో వంద లీటర్లకి పైగా నీళ్లు రక్తానికి పక్కగా ప్రవహిస్తాయి మరి. మీ సెంటర్‌లో ఆర్‌వో నీళ్ల పరీక్ష ఎప్పుడు చేశారని మర్యాదగానే అడగండి, అడిగే హక్కు మీకుంది.

నెలవారీ రిపోర్టులో ఏం చూడాలి?

మనవాళ్లు క్రియాటినిన్ ఒక్కటే చూస్తారు. డయాలసిస్‌కి ముందు తీసిన క్రియాటినిన్ 11 నుంచి 7కి వచ్చిందని స్వీట్లు పంచినవాళ్లని చూశాను. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. మిషన్ మీద ఉన్న మనిషికి మూత్రం ఏమీ పెరగకుండా, డయాలసిస్ గంటలు మారకుండా అది నెలనెలా పడిపోతోందంటే కండ తరిగిపోతోందేమో అని అనుమానించాలి. యూరియా, కొలెస్ట్రాల్ బాగా పడిపోయినా అంతే, సరిగ్గా తినడం లేదని అర్థం కావచ్చు.

చూడాల్సింది అల్బుమిన్. 4 దగ్గర ఉంటే సంతోషం, 3.5 కంటే తక్కువైతే అదే రోజు డాక్టర్‌ని అడగాలి. దానితోపాటు సీఆర్‌పీ చేయించమనండి. అల్బుమిన్ తక్కువ, సీఆర్‌పీ మామూలు అయితే తిండి వైపు చూడాలి. అల్బుమిన్ తక్కువ, సీఆర్‌పీ ఎక్కువ అయితే మంట ఎక్కడుందో వెతకాలి, ఉత్త గుడ్లు పెంచితే సరిపోదు. ఒక్కసారి కొలతతో బెంబేలు పడొద్దు, జలుబు చేసినా సీఆర్‌పీ పెరుగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువున్నా అల్బుమిన్ పలచబడి తక్కువ చూపిస్తుంది. అల్బుమిన్ నిదానం మనిషి, దాని సగం ఆయుష్షే ఇరవై రోజులు, కాబట్టి ఇవాళ తిండి పెంచితే వచ్చేవారం పెరగదు. మంటని చూపించే ఇంకో పరీక్ష ఈఎస్ఆర్ చూసి కంగారుపడకండి, డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

ఇవన్నీ కలిపి లెక్కగట్టే పద్ధతి 2001 నుంచి ఉంది, మాల్‌న్యూట్రిషన్ ఇన్‌ఫ్లమేషన్ స్కోర్ అంటారు. పది అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం. ఎక్కువ భాగం మనిషిని చూసి, తాకి, అడిగి వేసేదే, ఖరీదైన మిషన్ అక్కర్లేదు. మీ డైటీషియన్‌ని మూడు నెలలకోసారి వేయమని అడగండి.

బరువు తగ్గలేదు కదా, అంటే బాగానే ఉన్నట్టేగా?

ఇక్కడే మోసపోతాం. కండ రెండు కిలోలు పోయి, దాని స్థానంలో నీళ్లు రెండు కిలోలు చేరితే తూకం అదే చూపిస్తుంది. డ్రై వెయిట్, అంటే ఎక్కువ నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు, 54 అని ఫైల్లో రాసి ఉంది, టెక్నీషియన్ 54కి దించి ఇంటికి పంపిస్తాడు, కానీ ఇప్పుడు మనిషి నిజం బరువు 52. ఆ మిగిలిన రెండు కిలోల నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే రాత్రి పడుకోలేడు, దిండు మీద దిండు వేసుకుంటాడు, బీపీ దిగదు. సరిగ్గా తినలేని నెల గడిచిందంటే, జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గాయంటే, డ్రై వెయిట్ మళ్లీ చూడమని మీరే గుర్తు చేయండి. తిరగబడి కూడా జరుగుతుంది, బాగా తిని కండ పట్టినవాడిని పాత బరువుకి దించితే కాళ్లు పీకులు, కళ్లు తిరగడం. కంటికి కనపడే గుర్తులు చూడండి: కణతల దగ్గర గుంటలు, మెడకింద ఎముకలు తేలడం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పల్చబడటం, చొక్కా భుజాల మీంచి జారడం.

ప్రోటీన్ పెంచితే ఫాస్ఫరస్, పొటాషియం పెరగవా?

ఫాస్ఫరస్ పెరుగుతుంది, అందుకే తెలివిగా ఎంచుకోవాలి. గుడ్డు తెల్లసొనలో ప్రోటీన్ ఎక్కువ, ఫాస్ఫరస్ దాదాపు లేదు, చవక కూడా. పప్పుల్లో ఉన్న ఫాస్ఫరస్‌లో సగం కూడా సరిగ్గా ఒంటబట్టదు, కానీ కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ మాంసాల్లో కలిపే ఫాస్ఫేట్ దాదాపు అంతా రక్తంలోకి పోతుంది. ముందు అవి మానేయండి, పప్పు సంగతి తర్వాత. డాక్టర్ రాసిన ఫాస్ఫరస్ మాత్ర భోజనం మధ్యలో వేసుకోవాలి, తిన్న గంటకి వేసుకుంటే డబ్బులు దండగ.

పొటాషియం వేరే సంగతి, అది గుండెని ఆపేస్తుంది. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లు తాగొద్దని చెప్పడం ఎంత బాధో నాకు తెలుసు, కానీ తాగకూడదు. "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అది ఇంట్లోకే రానివ్వకండి. స్టార్ ఫ్రూట్ ఒక్క ముక్క కూడా వద్దు, అందులోని విషం మెదడుకి ఎక్కుతుంది.

మేం మాంసం, గుడ్డు ముట్టం. ఎలా?

కష్టమే, కానీ కుదురుతుంది. పనీర్, పెరుగు, సోయా, పెసరపప్పు, మినప్పిండితో చేసేవి. గడ్డపెరుగు ఒక చిన్న కప్పు, ఇంట్లో విరగ్గొట్టిన ఉప్పులేని పనీర్, పెసరట్టు, ఇడ్లీ. పాలు, పెరుగు నీటి లెక్కలోకీ ఫాస్ఫరస్ లెక్కలోకీ వస్తాయి కాబట్టి డైటీషియన్‌తో కూర్చుని కొలత వేయించుకోండి. ఏకాదశి ఉపవాసాలు, శనివారం ఒంటిపూట డయాలసిస్‌లో ఉన్నన్నాళ్లు పక్కన పెట్టమనే నేను చెప్తాను. మా పెద్దమ్మ ఒప్పుకోలేదు, చివరికి వాళ్ల గుడి పూజారిగారే చెప్పి మానిపించారు.

నోరు చేదు, అన్నం చూస్తేనే వాంతి వస్తోందంటున్నారు.

ముందు డయాలసిస్ సరిపోతోందా లేదా చూడాలి. రక్తం ఎంత శుభ్రమైందో చెప్పే లెక్కలు రెండున్నాయి: కేటీ/వీ 1.2 అయినా ఉండాలి, యూఆర్ఆర్ (యూరియా ఎంత శాతం తగ్గిందో) 65 శాతం దాటాలి. మన దగ్గర వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది, మూత్రం బాగా వస్తున్నంతకాలం కొందరికి సరిపోవచ్చు, తగ్గిపోయాక సరిపోదు. చెత్త మిగిలిపోతే నోరు చేదెక్కుతుంది. నాలుగు గంటలు రాస్తే మూడున్నరకే "తీసెయ్యి బాబూ" అనడం మానిపించాలి.

తర్వాత వంట. ఉప్పు తగ్గించాం కదా అని చప్పిడి చేసి పెట్టకండి. నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ, మిరియాలు, పోపు ఘుమఘుమలాడాలి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు వద్దు, అవి దాహం పెంచి రెండు సిట్టింగుల మధ్య నీళ్ల బరువు పెంచుతాయి. ఒకేసారి పళ్లెం నింపితే చూడగానే కడుపు నిండిపోతుంది, చిన్న గిన్నెల్లో ఐదారుసార్లు పెట్టండి. పొద్దున ఆకలి కొంచెం బాగుంటుంది, గుడ్డు అప్పుడే పెట్టేయండి. మలబద్ధకం, మాత్రల గుత్తి, మనసులో దిగులు, ఇవి కూడా ఆకలిని చంపేవే. దిగులుకి మందు ఉంది, అడగడానికి సిగ్గుపడొద్దు.

మిషన్ మీద ఉండగా తినొచ్చా?

చాలా సెంటర్లలో వద్దంటారు, తిన్నాక రక్తం కడుపు వైపు వెళ్లి బీపీ పడిపోతుందని. బీపీ పడే అలవాటున్నవాళ్లు తినకపోవడమే మంచిది. నిలకడగా ఉన్నవాళ్లు మొదటి గంటల్లో రెండు గుడ్ల తెల్లసొన గానీ చిన్న శాండ్‌విచ్ గానీ తినడం వల్ల మేలే. ఊరినుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా ఏమీ తినక, సాయంత్రం నీరసంతో పడుకుండిపోతే వారంలో మూడురోజుల తిండి పోయినట్టే. కనీసం మిషన్ దిగగానే తినడానికి డబ్బా వెంట తీసుకెళ్లండి.

షుగర్ మందులు అక్కర్లేకుండానే షుగర్ దిగిపోయింది. నయమైందా?

నయమవలేదు. కిడ్నీ పాడైతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, తిండి కూడా తగ్గింది, అందుకే దిగింది. పాత డోసు అలాగే వేస్తే రాత్రి నిద్రలో షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డోసు తగ్గించమని అడగండి. పడిపోయినప్పుడు పళ్లరసం కాదు, పంచదారో గ్లూకోజో ఇవ్వండి.

మా ఆయన కొంచెం లావు. తగ్గమంటారా?

సొంతంగా పస్తులుండి తగ్గించొద్దు. మామూలు జనంలో లావు గుండెకి చేటు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో మాత్రం కొంచెం ఒళ్లున్నవాళ్లే ఎక్కువకాలం బతుకుతున్నారని ఎన్నో పరిశీలనల్లో తేలింది. మార్పిడి ఆపరేషన్ కోసం తగ్గాలంటే డాక్టర్ చెప్పినట్టు, కండ పోకుండా తగ్గాలి.

ప్రోటీన్ పౌడర్లు కొనాలా?

తిండితో లెక్క చేరకపోతే కొనాలి, డయాలసిస్ రోగుల కోసం చేసినవే, డైటీషియన్ చెప్పినవే. జిమ్ కుర్రాళ్లు తాగే డబ్బాలు వద్దు. డబ్బు తక్కువుంటే ముందు గుడ్లు.

హిమోగ్లోబిన్ ఇంజెక్షన్లు ఎన్ని వేసినా రక్తం పెరగట్లేదు.

దీనికీ మంటే కారణం కావచ్చు. మంట ఉన్నప్పుడు ఐరన్ నిల్వల్లోనే బందీ అయిపోతుంది, ఐరన్ నిల్వని చూపే ఫెరిటిన్ పరీక్ష ఎక్కువ చూపిస్తుంది, రక్తం మాత్రం తయారవదు. డోసు పెంచేముందు సీఆర్‌పీ చూడమని అడగండి.

నడవమంటారా, పడుకోమంటారా?

నడవాలి. తిన్న ప్రోటీన్ కండగా మారాలంటే కండకి పని ఉండాలి. డయాలసిస్ లేని రోజుల్లో పావుగంటతో మొదలుపెట్టి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, ఫిస్టులా లేని చేత్తో నీళ్ల సీసా ఎత్తడం. నాన్న వాకిట్లో బావి దాకా నడిచేవాడు, తర్వాత రోడ్డు దాకా.

కిడ్నీ బాగుచేస్తామనే నాటుమందులు?

వద్దు. వాటిలో పాదరసం, సీసం లాంటివి ఉండే ప్రమాదం ఉంది, మిగిలిన కాస్త మూత్రం కూడా ఆగిపోవచ్చు. ఆ కాస్త మూత్రమే మంటని తగ్గించేవాటిలో ఒకటి, దాన్ని కాపాడుకోవాలి. నొప్పిమాత్రలు కూడా మీ అంతట మీరు కొనుక్కోకండి.

ఇంత తిండికి డబ్బెక్కడిది?

డయాలసిస్ వరకు ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పెన్షన్ ఉంది, తెలంగాణలో 2022లో ఆసరా కింద 2,016 రూపాయలు మొదలుపెట్టారు. సెంటర్‌లోనో సచివాలయంలోనో అడిగి కాగితాలు పెట్టించండి. ఆ డబ్బులోంచి ముందు నెల గుడ్ల లెక్క పక్కన తీసి పెట్టండి, ఆటోలకీ అప్పులకీ మిగతాది.

ఎప్పుడు తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకూడదు?

మిషన్ ఎక్కాక చలి, వణుకు జ్వరం వస్తే, ముఖ్యంగా మెడలో పైపు ఉన్నవాళ్లకి, ఇంటికి తీసుకెళ్లకండి, రక్తం కల్చర్‌కి (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షకి) తీయమనండి. పైపు దగ్గర చీము, ఎర్రదనం కనపడినా, ఫిస్టులా చెయ్యి వాచినా, ఫిస్టులా కొట్టుకోవడం ఆగినా వెంటనే వెళ్లాలి. కాళ్లు బరువెక్కి నడవలేకపోయినా, ఛాతీ దడగా ఉన్నా పొటాషియం అనుకుని పరిగెత్తాలి, అది అర్ధరాత్రైనా సరే. మూడురోజులు వరుసగా సగం తిండి కూడా తినకపోతే అది కూడా ఫోన్ చేసి చెప్పాల్సిన విషయమే. డ్యూటీలో ఉన్నవాళ్లు విసుక్కున్నా చెప్పండి.